ఖాళీ కాగితం మీద ముద్ర

నేను ఒక రబ్బరు ముద్రను. కరీంనగర్ బస్టాండు ఎదుట ఒక చిన్న దుకాణంలో పుట్టాను. ఎర్ర రబ్బరు, టేకు పిడి. నా ముఖాన ‘మరమగ్గాల యజమానుల సంఘం’ అని తిరగేసి చెక్కారు. బతుకంతా నేను చేసింది ఒకటే వ్యాపారం, నమ్మకం అమ్మడం. సరుకు నాది కాదు, సంఘంలోని మూడొందల ఇళ్లది.

నా మొదటి యజమాని, అప్పటి కార్యదర్శి వెంకటనర్సు, నన్ను మొలతాడుకు కట్టుకుని తిరిగేవాడు. కాగితం మొదటి నుంచి చివరిదాకా చదివేవాడు. అర్థం కాకపోతే బడిపంతులుతో చదివించుకుని, ఆ తర్వాతే నన్ను పైకి తీసేవాడు. జనం విసుక్కునేవారు.

ఆయన పోయాక రాజమల్లు చేతికొచ్చాను. చెడ్డవాడు కాదు, పనిమంతుడు. తన ఎనిమిది మగ్గాలు వదిలి మాటిమాటికీ ఆఫీసుకు రాలేక, ప్రతి ఆదివారం ఇరవై ఖాళీ లెటర్‌హెడ్ల మీద సంతకం చేసి, నన్ను గుద్ది బీరువాలో పెట్టేవాడు. ఎవరికి కావాలంటే వాళ్లు తీసుకుని పైన రాసుకునేవారు. బ్యాంకు అప్పుకు, కాలేజీ సీటుకు, దేనికైనా. అందరూ మెచ్చుకున్నారు. నేనూ మెచ్చుకున్నాను. గిరాకీ ఏ వ్యాపారికి చేదు?

ఊరి చివరి స్పిన్నింగు మిల్లు మేనేజరు మురళీధర్ ఒకనాడు వచ్చి, నూలు రాయితీ కోసమంటూ రెండు కాగితాలు తీసుకుపోయాడు. రాజమల్లుకు చాయ్ తాగించి మరీ తీసుకుపోయాడు.

ఆ ఏడే మిల్లు కరెంటు కంపెనీని వదిలి, బయట చవగ్గా దొరికే కరెంటు కొనుక్కుంటానని దరఖాస్తు పెట్టింది. మిల్లులాంటి పెద్దవాళ్లు ఎక్కువ రేటు కడితేనే మగ్గాలకు తక్కువ రేటుకు కరెంటు వస్తుంది. వాళ్లు ఊరికే వెళ్లిపోతే ఆ బరువు మిగిలినవాళ్ల నెత్తిన పడుతుంది. వెళ్లేవాడు పరిహారం కట్టాలా, అక్కర్లేదా అన్నది తేల్చడానికి విద్యుత్ నియంత్రణ మండలి కలెక్టరేటులో బహిరంగ విచారణ పెట్టింది.

శకుంతలకు నాలుగు మగ్గాలు. భర్త పోయాక తనే నడుపుతోంది. రేటు పెరిగితే అవి ఆగిపోతాయి. అందుకే అభ్యంతరం రాయించి ఆరు ప్రతులతో విచారణకు వచ్చింది. ప్రతి కాగితం మీదా సంఘం ముద్ర ఉండాలన్నారని రాజమల్లు నన్ను చొక్కా జేబులో వేసుకొచ్చాడు.

“మిల్లు పోతే పోనీండ్రి సారూ. పోయెటోడు మా మెడకు ఉరేసి పోవుడేంది? కట్టాల్సింది కట్టి పొమ్మనుండ్రి,” అంది శకుంతల. హాల్లో చప్పట్లు మోగాయి. మండలి అధ్యక్షుడు కూడా తలాడించాడు.

అప్పుడు మిల్లు వకీలు లేచి ఒక కాగితం అందించాడు. మిల్లు పరిహారం కట్టకుండా వెళ్లినా తమకు అభ్యంతరం లేదని, దానివల్ల నూలు చవకవుతుందని మా సంఘమే రాసినట్టుంది. కింద నేనున్నాను, నీలంగా, స్పష్టంగా.

“ఈ సంతకం, ముద్ర మీవేనా?” అధ్యక్షుడు రాజమల్లును అడిగాడు.

శకుంతల అతని వైపు తిరిగింది. “ఖాళీ కాయితమని చెప్పన్నా. ఏమైతది?”

ఏమవుతుందో రాజమల్లుకు తెలుసు. ఆ మాటంటే బ్యాంకుల్లో ఉన్న సంఘం కాగితాలన్నీ అనుమానంలో పడతాయి. అతని కొత్త మగ్గాల అప్పు అలాంటి కాగితం మీదే వచ్చింది. జేబు మీద చెయ్యేసి నన్ను అదిమి పట్టుకున్నాడు.

“మావే సార్,” అన్నాడు.

చిన్న వినియోగదారులైన మగ్గాలవాళ్ల సంఘమే ఒప్పుకుంది గనక పరిహారం అక్కర్లేదని ఉత్తర్వు వచ్చింది. మిల్లు వెళ్లింది. నూలు ధర పైసా తగ్గలేదు. మరుసటి ఏడు మగ్గాల కరెంటు రేటు పెరిగింది.

శకుంతల ఆరు నెలలు లాగింది. చివరికి మగ్గాలను తూకానికి అమ్మబోతే, పాత ఇనుము కొనేవాడు ఇవి నీవేనని సంఘం కాగితం తెమ్మన్నాడు. నాలుగు పంక్తులు రాయించుకుని ఆఫీసుకొచ్చింది. రాజమల్లు చదివాడు. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ మొదటి నుంచి చదవసాగాడు.

“గిప్పుడు సదువుతున్నవా అన్నా?” అంది శకుంతల. “గుద్దు. బయట ట్రాలీ నిలవడ్డది.”

గుద్దాడు. ఎప్పటిలాగే స్పష్టంగా పడ్డాను.