గ్యాంగుకొట్టాల రాళ్ళు

మా అమ్మ గోరీ మీది రాయిని పొక్లెయిన్ పెరికి పక్కకు పారేసింది. నా కండ్లతో నేనే చూసినా. అది మామూలు నాపరాయి. మా నాయన ఎర్రగుంట్ల గనిలో అడిగి తెచ్చి, తానే చెక్కి పాతింది. అయినా ఆ పొద్దు నాకు మిషను మీద కోపం రాలేదప్పా. మిషను ముందర కంప కొట్టి దావ చేస్తాండిన కూలామె ఫూల్మణి మీద వచ్చింది.

ప్రొద్దుటూరు కాలేజీ పిల్లోళ్ళు, సిమెంటు ఫ్యాక్టరీ కూలోళ్ళు ఇంతమంది కూసున్నారు కాబట్టి దాచిపెట్టకుండా చెప్తాండా. నా పేరు మెహబూబున్నీసా. మాది ముద్దనూరు పక్కన గ్యాంగుకొట్టాలు. తెల్లోళ్ళు మొదటి రైలు లైను వేసేటప్పుడు యాడాడి నుంచో తోలుకొచ్చిన కూలోళ్ళ సంతతి మేము. కలరా తగిలి చచ్చినోళ్ళను సాయిబులని, కిరస్తానోళ్ళని చూడకుండా రైలు కట్ట పక్కనే పూడ్చినారు. మేమూ మా వాళ్ళను ఆడనే పూడుస్తాండాం. ఇండ్లకు పట్టాల్లేవు. మేము ఈడ బతికినామని చెప్పనీకి ఉండేది ఆ గోరీలే.

ఇప్పుడు పులివెందుల వైపు కొత్త లైనంట. కాంట్రాక్టరు మనిషి నరేష్ వచ్చి, ఇది ఖాళీ బంజరు, మీరు నిన్నగాక మొన్న వచ్చినోళ్ళు, పదైదు దినాల్లో లేచిపోండి అన్నాడు. పోనీ పనన్నా మాకిస్తారనుకున్నాం. అదీ లేదు. జార్ఖండ్ నుంచి ఆదివాసీ కూలోళ్ళను దింపినాడు. వాళ్ళకు రేకుల షెడ్డు, పొద్దున్నే నీళ్ళ ట్యాంకరు. మా బోరు ఎండి మూడు నెలలాయె. వాళ్ళతోపాటు వచ్చిన ఫూల్మణి ఆ ట్యాంకరు కింద తల తడుపుకుని జుట్టు విదిలించుకుంటాంటే నా కండ్లల్లో కారం కొట్టినట్టు ఉండేది. నవ్విందంటే ఇంకా మండేది. ఒక దినం మధ్యాహ్నం, వాళ్ళు పనిలో ఉండంగా పోయి ట్యాంకరు కుళాయి తిప్పేసి వచ్చినా. నీళ్ళన్నీ నేలపాలు. సాయంత్రం వాళ్ళు ఖాళీ బిందెలతో నిలబడింటే చూసి నా కడుపు చల్లబడింది.

మా అమ్మ రాయి పెరికిన దినమే మసీదు అరుగు మీద మీటింగు పెట్టినాం. ఆటో తోలే హబీబుల్లా మామ, ముందు ఆ బయటోళ్ళను తరుముదాం, పని అదే ఆగుతుందన్నాడు. రిటైరైన గ్యాంగుమ్యాన్ దేవపాలు ఒప్పుకోలేదు. వీళ్ళను తరిమితే ఆ నరేష్ ఇంకో బండి కూలోళ్ళను దింపుతాడు, మనం మనం కొట్టుకుంటే వానికే పండగ అన్నాడు.

"మీ జేజినాయన యాడోడు హబీబూ?" అని అడిగినాడు.

మామ నోరు తెరిచేలోపే నేనే లేసి, వాళ్ళు తాగే నీళ్ళు మన నీళ్ళు, వాళ్ళు చేసే పని మన పని అని గొంతు చించుకున్నా. చేతులన్నీ నా మాటకే లేసినాయి. తెల్లారి నలభై మందిమి కట్టెలు పట్టుకుని పోయినాం.

పోతే మిషను నిలిచిపోయింది. దాని ముందర, మా అమ్మ రాయి పక్కన, ఫూల్మణి సక్లంముక్లం వేసుకుని కూసుంది. ఆమె వెనక వాళ్ళ గుంపంతా పారలు కింద పెట్టేసినారు. మీ ఆధార్ కార్డులన్నీ నా కాడే ఉండాయి, ఇండ్లకు ఎట్ల పోతారో చూస్తా అని నరేష్ అరుస్తాండాడు. నేను ఏడ్చి సచ్చిన ఆ రేకుల షెడ్డు వాళ్ళకు జైలని అప్పుడు తెలిసింది.

మా ఇంట్లో ఉర్దూ కాబట్టి ఆమె హిందీ నాకు అర్థమయ్యింది. ఈ రాయి ఎవరిదని అడిగింది. మా అమ్మది అన్నా. కొంగుతో మట్టి తుడిచింది. వాళ్ళ ఊర్లో పెద్దోళ్ళ ఎముకల మీద రాయి పెడతారంట. రాయి ఎవరిదో నేల వాళ్ళదంట. తెల్లోళ్ళు పట్టా చూపించమంటే వాళ్ళ తాతలు ఆ రాళ్ళనే మోసుకుని దొరల కచేరీకి పోయినారంట. ఇప్పుడు ఆ రాళ్ళ మీద గనికి రైలు లైను వేసినారు, అందుకే ఈడికొచ్చి పడినానని చెప్పింది. కంప కింద రాళ్ళున్నట్టు నిన్న చూడలేదంట. చూసినాక చెయ్యి ఆడలేదంట.

నా చేతిలో కట్టె అట్లనే ఉంది.

"మీ నీళ్ళు వదిలేసింది నేనే," అన్నా.

"తెలుసు. చూసినా. మీ బోరు ఎండిందని కూడా తెలుసు," అనింది.

అప్పుడు కూడా నాకు కుళ్ళే అప్పా. మా అమ్మ రాయి కాడ నాకంటే ముందు ఆమె కూసునిందే అని. కట్టె పారేసి పోయి, ఆమెకంటే ఒక మూర ముందర, మిషనుకు ఆనుకుని కూసున్నా.

మూడో దినం పెరికిన రాళ్ళన్నీ ట్రాక్టర్లో వేసుకుని జమ్మలమడుగు పోయినాం. బస్టాండు కాడ దింపి, రాయికి ఇద్దరు లెక్కన, మావాళ్ళొకరు వాళ్ళొకరు, మోసుకుంటా ఆర్డీవో పెద్దాఫీసుకు నడిచినాం. మా అమ్మ రాయికి ఒక కొస నేను, ఇంకో కొస ఫూల్మణి. షాపులోళ్ళు యాపారం ఇడిసి బయటికొచ్చి చూసినారు. గేటు ముందర రాళ్ళు వరసగా నిలబెట్టి, ఇవే మా పట్టాలు, వీళ్ళ కార్డులు వీళ్ళకియ్యండి అని కూసున్నాం.

పోలీసు వ్యాను వచ్చింది. బయట నుంచి వచ్చి ఊరోళ్ళను రెచ్చగొడతాండేది ఈమేనని నరేష్ చూపించినాడు. ముందు ఫూల్మణినే ఎక్కించినారు. కిటికీ కమ్మీల్లో నుంచి నన్ను చూసి నవ్వింది, అదే నవ్వు. మళ్ళీ మండింది నాకు. మా అమ్మ రాయి కోసం నాకంటే ముందు ఆమె జైలుకు పోయేదేంది? నేనూ ఎక్కబోతే పోలీసాయన అడ్డం నిలబడి, నీ మీద కంప్లెయింటు లేదు, నువ్వు ఊరిదానివి, పోమ్మా అన్నాడు.

"నేనూ బయటిదాన్నే సార్," అన్నా. "మా అవ్వోళ్ళను కూడా రైలు లైనుకే తోలుకొచ్చినారు."

ఎక్కినా. నా వెనక దేవపాలు ఎక్కినాడు, హబీబుల్లా మామ ఎక్కినాడు. వ్యాను చాలక ఇంకోటి పిలిపించినారు.

మమ్మల్ని వదిలినారు. ఫూల్మణిని వదల్లేదు. ఆమెకు జామీను ఉండనీకి ఈ ఊరోళ్ళే కావాలంట. రేపు పొద్దున గ్యాంగుకొట్టాలంతా కదిలి కోర్టుకు పోతాండాం, మీరూ రాండి. కానీ నాకంటే ముందు ఆ కోర్టు గేటు కాడ ఎవరన్నా నిలబడింటే మాత్రం, చెప్తాండా, నేను ఓర్చుకోలేను.