స్టేషన్ కప్పు మీద నీలం చొక్కా

మొరావా నది ఒడ్డున ఉన్న ఆ చిన్న ఊరికి రైలు రావడం మానేసి చాలా ఏళ్లయింది. ఇప్పుడు మునిసిపాలిటీకి ఏ దేవుడు బుద్ధి పుట్టించాడో, పాత స్టేషన్‌ను బాగు చేయిస్తోంది. పైఅంతస్తు గ్రంథాలయానికని తేలిపోయింది. కింద వెయిటింగ్ హాలు ఎవరికన్నదే తగువు. ఒకప్పుడు అక్కడ టికెట్లమ్మిన స్తనోయ్కా, మరో నలుగురు ఆడవాళ్లతో కలిసి అందులో చీజు రొట్టెల వంటిల్లు పెట్టాలని మేయరు గది ముందు చెప్పులరిగేలా తిరుగుతోంది. ఆ నలుగురిలో ఒకావిడ మేయరు తల్లి పెర్సిదాయే. అయినా పని కాలేదు. మేయరు ద్రాగుతిన్ ఆ హాలును మేనల్లుడి దుకాణానికి, ఆటల మీద డబ్బు పందెం కాసేదానికి, ఇద్దామనుకుంటున్నాడు. ఆ సంగతి తలుచుకుంటేనే స్తనోయ్కాకు ఒళ్లు మండుతుంది.

శనివారం కప్పు పని చివరికొచ్చింది. కప్పు నడినెత్తిన కొప్పు మీద పెట్టాల్సిన పెంకు ఒక్కటే మిగిలింది. పెద్ద మేస్త్రీ రదోయె దాన్ని ఒళ్లో పెట్టుకుని కప్పు మీదే చతికిలబడ్డాడు.

“చొక్కా ఏది?” అన్నాడు.

కప్పు పూర్తయ్యే రోజున ఇంటివాళ్లు మేస్త్రీకి చొక్కా పెట్టాలి. దాన్ని కొప్పు మీద కట్టి, పెట్టినవాళ్ల పేరు ఊరంతా వినేలా మేస్త్రీ పిలవాలి. పేరు పిలవని ఇల్లు నిలవదని అక్కడ పసిపిల్లను లేపి అడిగినా చెబుతుంది.

“చొక్కాలు నేనెక్కణ్ణుంచి తెచ్చేదయ్యా, పెంకు పెట్టి దిగు,” అన్నాడు మేయరు కింది నుంచి.

“ఇంటాయన ఎవరో చెప్పండి, దిగుతా.”

“మునిసిపాలిటీ.”

“పిలిస్తే పలుకుతుందా అది?”

జనం నవ్వారు. మేయరుకు భోజనం వేళ దాటిపోయింది, దానికి తోడు ఈ నవ్వులు. “ఎవరు చొక్కా తెస్తే వాళ్లే ఇంటివాళ్లు, పో. ముందు పని కానియ్యి,” అనేశాడు.

స్తనోయ్కా పరుగెత్తింది. మోకాళ్ల నొప్పి ఎటు పోయిందో ఆమెకే తెలియదు. అల్లుడి పుట్టినరోజుకని కొన్న నీలం చొక్కా పట్టుకొచ్చింది. రదోయె దాన్ని కొప్పున కట్టి గొంతెత్తాడు.

“ఈ ఇంటి ఇల్లాలు స్తనోయ్కా పెట్టింది. ఆమె పొయ్యి ఆరకూడదు. ఆమె గడప తొక్కినవాళ్లు ఆకలితో పోకూడదు.”

స్తనోయ్కాకు ఏడుపొచ్చింది, అందరి ముందే ఏడ్చేసింది.

“ఇదేం చెల్లదు, నేనేదో మాటవరసకి...” అని మొదలుపెట్టాడు మేయరు.

“ఒరేయ్,” అంటూ చేతిలో ఓ చొక్కాతో తమ ఇంటి వైపు నుంచి వగరుస్తూ వచ్చింది పెర్సిదా. “కప్పు మీద చొక్కా కట్టాక మాట తిప్పుతావా? రేపు ఆ కప్పు కూలితే ఎవడి నెత్తిన పడుద్దిరా? మేస్త్రీ, ఇది కూడా కట్టు నాయనా. మా ఇంటి తరఫున.”

అది మేయరు సోమవారం సభకని ఇస్త్రీ చేయించుకున్న తెల్ల చొక్కా. అతను తల్లి ముఖం చూసి, “సరే, కట్టు,” అన్నాడు మేస్త్రీతో.

రదోయె దాన్నీ కట్టి, పెంకు పెట్టి దిగాడు. జనం తలుపు వైపు కదిలారు. అలవాటు కొద్దీ అందరికంటే ముందు నడిచిన మేయరు, గడపలో స్తనోయ్కా నిలబడి ఉండడం చూసి ఆగిపోయాడు.

“స్తనోయ్కా గారూ, లోపలికి రావచ్చా?”

ఆమె కళ్లు తుడుచుకుని అతని బూట్ల వైపు చూసింది.

“కాళ్లు తుడుచుకుని రండి.”