చెవులు వినపడవన్న మాట

భోజన్న అసలు వయసు నలభై నాలుగు. పాస్‌పోర్టులో మాత్రం యాభై ఒకటి. జగిత్యాలలో కాగితాలు నింపినవాడు ఏం అడిగి ఏం రాసుకున్నాడో భోజన్నకు గుర్తు లేదు. అల్ ఐన్ శివారులోని ఖర్జూర తోటలో ఆరేళ్లుగా పని చేస్తున్నా ఆ తప్పుతో అతనికి ఎప్పుడూ అవసరం పడలేదు. 1981 ఏప్రిల్‌లో ఒక శుక్రవారం నాడు పడింది.

ఆ వారం తోటలో పెద్ద బావి మోటారు కాలిపోయింది. ఎండ ముదిరే రోజులు. నాలుగు వందల చెట్లకు రెండు రోజులు నీళ్లు అందలేదు. మోటారు చూసుకునే జిలానీ బాషా రాయచోటి మనిషి, ముప్పై ఏళ్లవాడు. అతను పని మీద నిద్రపోయాడనీ, బావిలో నీళ్లు అడుగంటినా మోటారు ఆపలేదనీ ఫోర్‌మన్ రాజలింగం చెప్పాడు. మోటారు చెడిపోతోందని సోమవారమే తాను చెప్పాననీ, ఫోర్‌మనే నడపమన్నాడనీ బాషా అన్నాడు. సాక్షులు ఎవరూ ముందుకు రాలేదు.

ముదీర్ అంటే తోట మేనేజరు. అతను ఇద్దరి మాటా విని విసుక్కున్నాడు. "మీలో మీరే తేల్చి చెప్పండి. తప్పు ఎవరిదైతే వాడు ఇంటికి పోతాడు" అన్నాడు.

తేల్చడానికి తోట కూలీల క్యాంపులో ఒక పద్ధతి ఉంది. నలభై మంది పేర్లూ చీటీల మీద రాసి బియ్యం డబ్బాలో వేసి ఐదు తీసేవారు. ఆ ఐదుగురూ పంచ్. వాళ్లలో ఎక్కువ మంది ఏ మాటంటే ఆ మాటే ఖాయం. యాభై దాటినవాళ్లూ, జబ్బు మనుషులూ, తగాదాలో చుట్టరికం ఉన్నవాళ్లూ వద్దనుకుంటే తప్పుకోవచ్చు. పొద్దంతా రేకుల కింద ఉడికిపోతూ కూర్చోవాలి కనుక పెద్దవాళ్లను బలవంతపెట్టకూడదని మొదట్లోనే అనుకున్నారు. తప్పుకున్నవాడి పేరూ, కారణమూ సనావుల్లా పుస్తకంలో రాసేవాడు. నెల్లూరు నుంచి వచ్చిన సనావుల్లా తోట ఆఫీసులో గుమస్తా.

శుక్రవారం నమాజు అయ్యాక చీటీలు తీశారు. ఐదోది భోజన్నది.

తన పేరు వినగానే భోజన్నకు విన్న మాటలు గుర్తొచ్చాయి. సోమవారం పొద్దున అతను బావి గోడ వెనక కాలువలో దిగి పూడిక తీస్తున్నాడు. గోడకు అవతల బాషా గొంతు వినబడింది. "రాజన్నా, మోటారు కూస్తాంది. బేరింగు పోయినట్టుండాది. ఆపేద్దామా?" దానికి రాజలింగం, "బేస్తారం దాంక నడిపియ్యి. ఇప్పుడు ఆపితె ముదీర్ నా మీదికొస్తడు" అన్నాడు. గోడ వెనక మనిషున్నాడని ఇద్దరికీ తెలియదు.

రాజలింగం భోజన్నకు పక్క ఊరివాడు. అతని మాట మీదే భోజన్నకు వీసా వచ్చింది. ఇప్పుడు భోజన్న బావమరిది లచ్చన్న కాగితాలు కూడా అతని ద్వారానే వీసా ఇచ్చే కఫీల్ దగ్గరికి వెళ్లాయి. పంచ్‌లో కూర్చుంటే నోరు విప్పాలి. విప్పకుండా కూర్చుంటే బాషా ముఖం చూస్తూ అబద్ధానికి చెయ్యెత్తాలి.

భోజన్న లేచి నిలబడ్డాడు. "నన్ను ఇడిచిపెట్టుండ్రి. నాకు యాభై ఒక్కటి నిండినయి" అన్నాడు.

అతని జుట్టులో ఒక్క తెల్ల వెంట్రుక లేదు. వెనక ఎవరో నవ్వారు. సనావుల్లా మాత్రం తల ఊపి, "పాస్‌పోర్టులో అట్లనే ఉంది. చాలు" అన్నాడు.

చాలన్నాక ఊరుకోవచ్చు. భోజన్న ఊరుకోలేదు. "చెవులు గూడ మంచిగ వినవడ్తలెవ్వు" అన్నాడు. ఆ మాట ఎందుకన్నాడో అతనికే తెలియదు. సనావుల్లా అదీ రాసుకున్నాడు.

అతని బదులు తీసిన చీటీ వెంకటరాజుది. వెంకటరాజు, రాజలింగం రోజూ కలిసి వండుకుని తినేవాళ్లు. స్నేహం చుట్టరికం కాదు కనుక ఎవరూ అడ్డం చెప్పలేదు.

పంచ్ సాగుతున్నంతసేపూ భోజన్న కుళాయి దగ్గర బట్టలు ఉతుక్కున్నాడు. ఉతికిన అంగీనే మళ్లీ నానబెట్టి ఉతికాడు. మధ్యాహ్నం మళ్లి అసర్ నమాజు వేళకు తీర్పు వచ్చింది. ముగ్గురు బాషాదే తప్పన్నారు, ఇద్దరు కాదన్నారు. ముగ్గురిలో వెంకటరాజు ఒకడు.

ఆ సాయంత్రం భోజన్న ముద్ద కలిపి అలాగే వదిలేశాడు. మర్నాడు పని కాగానే బాషా గదికి వెళ్లాడు. బాషా మంచం మీద పెట్టె తెరిచి బట్టలు సర్దుకుంటున్నాడు.

"బాషా, సోమవారం నువ్వు రాజన్నకు జెప్పింది నేనిన్న. కాల్వల ఉన్న" అన్నాడు భోజన్న.

బాషా చేతిలో లుంగీ అలాగే ఉండిపోయింది. "ఇన్న్యావా?"

"ఇన్న. ఇద్దరి మాటలు ఇన్న."

"మరి చెవులు ఇనపడవంటివే."

బాషా మంచం అంచున కూర్చున్నాడు. "నీ చీటీ వచ్చినప్పుడు నేను బతికిపోతి అనుకున్న్యాను. ఆ పెద్దాయన ఒకరి పక్క పోడు, న్యాయంగా చూస్తాడు అనుకున్న్యాను" అన్నాడు. అతని గొంతులో కోపం లేదు. ఉంటే భోజన్నకు కొంత సులువుగా ఉండేది.

"నడువు, ముదీర్ దగ్గరికి పోదాం. నేను జెప్త" అన్నాడు భోజన్న.

ఇద్దరూ ఆఫీసుకు వెళ్లారు. సనావుల్లా అరబ్బీలోకి మార్చి చెబుతుంటే భోజన్న సోమవారం విన్నదంతా చెప్పాడు. ముదీర్ చివరిదాకా విన్నాడు. తర్వాత పంచ్ పుస్తకం తెమ్మని భోజన్న పేరు దగ్గర ఏం రాసి ఉందో చదవమన్నాడు. సనావుల్లా గొంతు తగ్గించి చదివాడు: వయసు యాభై ఒకటి, చెవులు సరిగా వినపడవు.

ముదీర్ భోజన్న వైపు చూశాడు. "నిన్న వినపడని చెవులు సోమవారం గోడ అవతల మాట ఎట్లా విన్నాయి?"

"నిన్న అబద్ధం జెప్పిన సాబ్" అన్నాడు భోజన్న.

"అయితే ఇవాళ నిజం చెబుతున్నావని నాకెట్లా తెలుసు? పంచ్ చెప్పేసింది. ఖలాస్" అని ముదీర్ పుస్తకం మూసేశాడు.

మంగళవారం బాషాను అబుదాబి తీసుకెళ్లడానికి బండి వచ్చింది. భోజన్న అతని పెట్టె మోసుకెళ్లి బండిలో పెట్టాడు. బాషా ఎక్కబోతూ ఆగాడు.

"పని మీద పండుకున్న్యాడంట, తరిమేసినారంట అని ఊర్లో అంటారు. మా నాయనకు ఒక జాబు రాపిచ్చు. నేను పండుకోలేదని నీ నోటితో చెప్పు."

"రాపిస్త."

బండి వెళ్లిపోయింది. వారం తిరగకుండా రాజలింగం లచ్చన్న కాగితాలు వెనక్కి తెప్పించి భోజన్న మంచం మీద పడేశాడు. "ముసలోనివి గదా, రేపో మాపో ఇంటికి పోతవు. బావమరిది ఎందుకీడ?" అన్నాడు. భోజన్న కాగితాలు మడిచి పెట్టెలో పెట్టుకున్నాడు. ఊళ్లో ఎదురుచూసే లచ్చన్నకు ఏం చెప్పాలో తోచలేదు. అయినా బాషా ముఖం గుర్తొస్తే ఆ బాధ చిన్నదనిపించింది.

భోజన్నకు రాయడం రాదు. శుక్రవారం సనావుల్లాను కూర్చోబెట్టి చెప్పాడు. మోటారు సంగతి, గోడ వెనక విన్న మాటలు, చీటీ వచ్చిన సంగతి. చెవుల మాట దగ్గరికి వచ్చేసరికి సనావుల్లా కలం ఆపాడు.

"ఇది రాయకపోయినా జరుగుద్ది భోజన్నా. విన్న సంగతి రాస్తే చాలు."

"రాయి. నేను కూసుండి ఉంటె మీ కొడుకు ఈడనే ఉండేటోడని గూడ రాయి."

సనావుల్లా రాశాడు. చివర భోజన్న వేలిముద్ర వేశాడు.

రాయచోటి నుంచి జవాబు రావడానికి రెండు నెలలు పట్టింది. అప్పటికి తోటలో ఖర్జూరం పండుతోంది. జవాబు బాషా తండ్రి రాయించినది. ఐదారు వరుసలే ఉన్నాయి. జాబు అందిందనీ, మసీదు దగ్గర నలుగురిలో పెద్దగా చదివించామనీ, ఇప్పుడు తన కొడుకును ఎవరూ ఏమీ అనడం లేదనీ, జిలానీ కడపలో నీళ్ల మోటార్లు బాగుచేసే షాపులో చేరాడనీ ఉంది.

"ఇంకేమన్న ఉన్నదా?" అని భోజన్న అడిగాడు.

సనావుల్లా కాగితం తిప్పి చూశాడు. "లేదు."

"మల్లొక్కసారి సదువు."

సనావుల్లా మళ్లీ మొదటి నుంచీ నిదానంగా చదివాడు. భోజన్న తల వంచుకుని ప్రతి మాటా విన్నాడు. క్షమించామన్న మాట అందులో ఎక్కడా లేదు.