రాహుకాలం లోపు యాక్సిల్

మా చెల్లెలు రేణుకి జీపు చక్రం వంకరగా ఉన్నా ఫర్వాలేదు, బయల్దేరే వేళ మాత్రం వంకరగా ఉండకూడదు. "శనివారం రాహుకాలం తొమ్మిది నుంచి పదిన్నర. తొమ్మిదిలోపు జీపు గేటు దాటాలన్నయ్యా" అని శుక్రవారం సాయంత్రమే తేల్చి చెప్పింది. 2008 సెప్టెంబర్ సంగతి ఇది.

జీపు రేణు భర్త కౌస్తుభ్‌ది. వారమంతా ఇక్కడ అమెరికాలో, రెడ్‌మండ్ ఆఫీసులో కూర్చుని, వీకెండ్ రాగానే కొండల్లో రాళ్ళమీదికి జీపు ఎక్కించే పిచ్చి అతనికి. కిందటి వారం ఓ బండ మీది నుంచి దబ్బున దింపితే ముందు యాక్సిల్ వంగింది. రెండు ముందు చక్రాలనూ మోసే ఉక్కు గొట్టం అది. ఎడమ చక్రం లోపలికి వాలిపోయింది. పాత బళ్ళ యార్డులో ఇంకో యాక్సిల్ దొరికింది గానీ, అది వచ్చేది బుధవారం. అతని జీపు క్లబ్బు వాళ్ళ కొండ ట్రిప్పేమో ఈ శనివారం. ఈసారి రేణు కూడా వెళ్తానంది.

నోరు మూసుకుని ఉండొచ్చుగా నేను? ఉండలేదు. "బుధవారం దాకా ఎందుకు? ఆటోనగర్‌లో లారీ యాక్సిళ్ళే సరిచేసినవాణ్ణి. పొద్దున్నే మీ గ్యారేజ్‌లో చేసిస్తా" అన్నాను. ఇంజనీరింగ్‌లో చేరకముందు రెండేళ్ళు బెజవాడలో నరసింహ మేస్త్రి దగ్గర పని చేశాను. ఈ ఊళ్ళో ఆ సంగతి ఎవరికీ పట్టదు. కౌస్తుభ్ కళ్ళింత చేసుకుని వింటుంటే నాకు ఒళ్ళు తెలియలేదు.

తెల్లవారుజామున ఐదింటికి మొదలుపెట్టాం. చక్రాలు ఊడదీశాం, గొట్టాన్ని ఇనుప దూలానికి గొలుసులతో బిగించి కింద జాకీ పెట్టాం. కదిలితేగా! ఏడున్నరకి విసుగెత్తి గ్యాస్ మంట తీసి కాల్చాను. ఎర్రబడ్డాక జాకీ కొడితే చెప్పిన మాట విన్నట్టు తిన్నగా అయింది.

"బావగారూ, యూ ఆర్ ఎ జీనియస్!" అని కౌస్తుభ్ గెంతాడు.

ఇక చల్లారాలి. మేస్త్రి కాల్చిన ఇనుముని బూడిదలో కప్పిపెట్టేవాడు. "దానంతటది చల్లారాల్రా. తొందరపడి నీళ్ళు పోశావో, చేతులిరగ్గొడతా. పెళుసెక్కిన ఇనుము విరిగేది షెడ్డులో కాదు, ఘాట్ రోడ్డులో" అనేవాడు. ఆ మాట గుర్తు రాలేదని అబద్ధమాడను. బాగానే గుర్తొచ్చింది.

రేణు కాఫీ ఫ్లాస్కుతో వచ్చి నిలబడింది. "ఇంకా ఎంతసేపన్నయ్యా?"

"గంటైనా ఆగాలి."

"గంటా! తర్వాత మళ్ళీ అన్నీ బిగించాలి. తొమ్మిది దాటితే నేనెక్కను, ఆయన్నీ ఎక్కనివ్వను."

"నీ రాహువుకి వీసా ఎవడిచ్చాడే ఇక్కడికి రావడానికి?" అని అరిచాను.

దాని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నవ్వుకో. కిందటి వారం రాహుకాలంలోనే బయల్దేరారు. ఆ బండ మీద ఇంకాస్త పక్కకి ఒరిగుంటే ఈపాటికి నా బతుకేంటి?"

ఏడుస్తుంటే నాకు జాలి వేయాలి. చిర్రెత్తుకొచ్చింది. మొక్కలకి నీళ్ళు పెట్టే పైపు లాక్కొచ్చి ఎర్రటి గొట్టం మీద వదిలాను. గ్యారేజ్ అంతా ఆవిరి కమ్మేసింది. ఆ ఆవిరిలోంచి చిన్నగా, ఒక్కటంటే ఒక్కసారి, టిక్‌మంది.

"అదేం చప్పుడన్నయ్యా?"

"ఏం లేదే. ఇనుము నవ్వుతోంది."

దాని మొహం విప్పారింది. నేను మాత్రం గొట్టం మీదికి వంగాను. గుడ్డతో తుడిచి చూశాను, మసి తప్ప ఏమీ కనపడలేదు. పగులుందో లేదో తెలియాలంటే గీకి చూడాలి. 'ఈ జీపు కొండెక్కకూడదు' అని అప్పుడే చెప్పాల్సింది. జీనియస్ అనిపించుకుని పావుగంట కాలేదు, ఎలా చెప్పను? సిగ్గులేని మనిషిని, బోల్టులు బిగించడం మొదలుపెట్టాను.

తొమ్మిదికి ఐదు నిమిషాలుండగా నాలుగు నిమ్మకాయలు తొక్కించి వెళ్ళిపోయారు. "మెల్లగా పోనీయండి" అని మాత్రం అన్నాను.

చేతులు కడుక్కోవడానికి వంటింట్లోకి వెళ్ళాను. ఫ్రిజ్ మీద రేణు క్యాలెండర్ ఉంది. విజయవాడలో అచ్చయింది, తొమ్మిదన్నది అక్కడి లెక్క. దాని కిందే అయస్కాంతంతో అంటించిన ఇక్కడి గుడి కాగితం, ఈ ఊరి సూర్యోదయాన్ని బట్టి లెక్కకట్టింది. శనివారం రాహుకాలం 9:54కి మొదలు.

దాదాపు గంట. చల్లార్చడానికి నేను అడిగిన గంట మా దగ్గర ఉండింది!

ఫోన్ చేశాను. ఇద్దరివీ కలవలేదు. నా కారు తీసి కొండవైపు పరిగెత్తించాను. దారంతా ఫోన్ చేస్తూనే ఉన్నాను, అమ్మవారికి మొక్కుకుంటూనే ఉన్నాను. రెండు గంటల తర్వాత తారురోడ్డు అయిపోయింది. ముందు రాళ్ళదారి. దాని మీద కొత్త టైరు గుర్తులు పైకి వెళ్ళాయి. నా కారు అది ఎక్కదు.

అక్కడ ఫోన్ ఒక్కసారి కంపించింది. అది మోగకుండానే వచ్చి పడిన వాయిస్ మెసేజ్. రేణు గొంతు, వెనక గాలి హోరు.

"అన్నయ్యా, పైదాకా వచ్చేశాం! లోయ ఎంత బావుందో. ఇక దిగడమే. నీ ఇనుము ఇందాకట్నుంచి నవ్వుతూనే ఉంది, టిక్ టిక్‌మని. ఒకసారి ఆపి చూద్దామంటే ఈయన వింటేగా! బావగారు చేసింది, ఏం కాదు అంటున్నారు."