తోలుగుడ్లు

షుమాదియా కొండల్లో ప్లమ్ పళ్ళ కాలమొస్తే ఏ పెరట్లో చూసినా రాకియా సారా బట్టీల పొగే. ఆ ఏడు సారా కాచగా మిగిలిన పిప్పిని మిలున్ పారబోయబోతే అతని భార్య రాదోయ్కా అడ్డుపడింది.

"దేవుడిచ్చిన మేత. కోళ్ళు తింటాయి" అని తొట్టి నిండా పోసింది.

పెట్టలు మొక్కజొన్న వదిలేసి పులిసిన పిప్పి మీద పడ్డాయి. నెల తిరిగేసరికి గూళ్ళలో గుడ్లు కనబడడం మానేశాయి.

పక్కింటి స్తామెంకా భర్త పోయి ఒంటరిగా ఉంటోంది. నీళ్ళకు రోజూ వీళ్ళ పెరటి బావికే వస్తుంది. రాదోయ్కా అనుమానం ఆమె మీదకు పోయింది. ఓ పొద్దున రొట్టెల అంగట్లో అందరూ వినేలా అనేసింది:

"మా బావికొచ్చేవాళ్ళు నీళ్ళతోపాటు గుడ్లు కూడా తోడుకుపోతున్నారమ్మా!"

స్తామెంకా అక్కడే ఉంది. చేతిలోని రొట్టె బల్ల మీద పెట్టేసి వెళ్ళిపోయింది. ఆ తర్వాత బావికి రాలేదు. అయినా గుడ్లు దొరకలేదు. "చీకట్లో వస్తోంది" అని రాదోయ్కా ఇంకో మాట అంటించింది.

చివరికి దొంగను పట్టాలని తానే కోళ్ళ గూట్లో మాటు వేసింది. ఒక పెట్ట ముక్కి ముక్కి, పెంకు లేని గుడ్డు జారవిడిచింది. మెత్తగా, నీళ్ళ సంచిలా ఉంది. మిగతావి ఒక్క ఉదుటున దాన్ని పొడిచి మింగేశాయి. గడ్డి మీద తడి మరక మిగిలింది. రాదోయ్కా మొహం వేడెక్కింది.

"పిప్పితోనే కడుపు నింపితే పెంకెక్కణ్ణుంచి వస్తుందే?" అన్నాడు సంగతి విన్న మిలున్. "మా అమ్మ గుప్పెడే వేసేది, అదీ గింజల్లో కలిపి."

"ముందే చెప్పొచ్చుగా!"

"చెప్పబోయాను. నువ్వు విన్నావా?"

ఆ సాయంత్రం ఆమె స్తామెంకా వంటింటి గుమ్మంలో నిలబడింది. "అక్కా, తప్పైపోయింది. దొంగలు మా కోళ్ళే" అంది లోగొంతుకతో.

స్తామెంకా చిక్కుళ్ళు ఒలుస్తూ తలెత్తలేదు. "అంగట్లో గొంతు చించుకుని అరిచావు. ఇక్కడ గుసగుసలాడతావేం?"

మర్నాడు రొట్టెల వేళకు రాదోయ్కా అంగట్లో అందరి ముందూ ఉన్నదున్నట్టు చెప్పింది. నవ్వులు పేలాయి. "కోళ్ళు పిప్పి మెక్కితే కేసు పొరుగింటి మీదా?" అన్నాడో ముసలాయన. ఆమె తల దించుకునే నిలబడింది. స్తామెంకా తన రొట్టె తీసుకుని, "విన్నాను" అని మాత్రం అని వెళ్ళిపోయింది.

పిప్పి తగ్గించి, గింజల్లో సున్నపురాయి పొడి కలిపి పెడితే కోళ్ళు మళ్ళీ దారికొచ్చాయి. స్తామెంకా కూడా బావికి రాసాగింది. కానీ మునుపటిలా నేరుగా లోపలికి రాదు. గేటు దగ్గరే ఆగి, ఖాళీ బకెట్టు బోర్లించి చూపిస్తుంది.

"రాదోయ్కా, వస్తున్నానమ్మా. చూసుకో!"