రుజువుల కాగితం

రేవు షెడ్డులో పదకొండో పెట్టె చేపలు కోస్తున్నా ఫుమియే ధ్యాసంతా జేబులోని కాగితం మీదే ఉంది. రబ్బరు తొడుగుల్లో వేళ్లు కొయ్యబారిపోయాయి. నిన్న పిల్లల కౌన్సెలింగు కేంద్రానికి వెళ్లినందుకు ఒక పూట కూలి, నాలుగు వేల యెన్లు పోయాయి.

పధ్నాలుగేళ్ల కూతురు చినామి మూణ్ణెల్లుగా బడికి పోవడం లేదు. పగలు పరుపులు మడిచిపెట్టే అలమరలో దూరి తలుపేసుకుంటుంది. మనసులో మాటిమాటికీ వచ్చే మాటని కాగితం మీద రాయమన్నారు కేంద్రంలో కౌన్సెలరు కురోసు గారు. 'నేనెందుకూ పనికిరాను' అని రాసింది పిల్ల. కింద రెండు గడులు. అది నిజమనడానికి రుజువులు ఒకదాంట్లో, కాదనడానికి రెండోదాంట్లో. రెండోది ఖాళీ. మొదటిదాంట్లో ఒకటే వాక్యం: 'అమ్మ అందరితో అలాగే చెబుతుంది.'

నిన్న అక్కడ అది చదివి ఫుమియే బిత్తరపోయింది. "అది మర్యాదకి అనే మాటండీ. ఎవరైనా మెచ్చుకుంటే, అబ్బే, మొద్దు పిల్లండీ అనమా? మా అమ్మా నన్నలాగే అనేది."

"అప్పుడు మీకేమనిపించేది?" అని అడిగారు కురోసు గారు.

ఫుమియే మాట మార్చింది. "ఇంట్లో మీరు చెప్పినట్టే రోజూ ఒక మంచిమాట అంటున్నానండీ," అంది.

"నలుగురిలో అన్నదే నిజమనుకుంటోంది పిల్ల."

మా రేవులో ఇంతే. బిడ్డని తీసిపారేసిన తల్లే మంచి మనిషి. ఈ మర్యాద ఎవరు పెట్టారో గానీ, దాని బరువంతా పిల్లలు మోస్తున్నారు.

మధ్యాహ్నం షెడ్డు గుమ్మంలో చినామి కనిపించింది. టోపీ కళ్ల మీదికి లాక్కుని, తల్లి మరిచిపోయిన అన్నం డబ్బా పట్టుకుని నిలబడింది. ఈ వారం ఒక్కసారైనా గడప దాటాలన్నది కురోసు గారు పెట్టిన పని.

"అబ్బో, ఎంత బుద్ధిమంతురాలండీ మీ అమ్మాయి," అంది మేస్త్రీ తొకుయే.

ఆడవాళ్లంతా నవ్వుతూ ఫుమియే వైపు చూశారు. అనవలసిన మాట నాలుక మీదికి వచ్చేసింది. చినామి నేల చూస్తోంది. ఆ మాట దానికి కంఠస్థమే.

"అవునండీ," అంది ఫుమియే. "బుద్ధిమంతురాలే. బయటికి రావడం దానికెంత కష్టమో. అయినా వచ్చింది."

కత్తుల చప్పుడు ఆగింది. తొకుయే నవ్వు మాయమైంది.

"ఓహో, మన పిల్లల్ని మనమే పొగుడుకోవచ్చన్నమాట," అని ఎవరో గొణిగారు.

చినామి తలెత్తింది. "అమ్మా, ఆ కాగితం నీ దగ్గరుందా?"

"ఉంది."

"ఇటివ్వు."

తొడుగు విప్పి, జేబులోంచి కాగితం తీసి ఇచ్చింది ఫుమియే. పిల్ల దాన్ని మడిచి జేబులో పెట్టుకుని, ఇంకేం మాట్లాడకుండా సైకిలెక్కి వెళ్లిపోయింది.

భోజనాల గదిలో ఫుమియేకి అటూ ఇటూ ఎవరూ కూర్చోలేదు. టీ కూజా బల్లంతా తిరిగింది. ప్రతి ఒక్కరూ పక్కవాళ్లకి పోశారు; ఎవరి కప్పులో వాళ్లే పోసుకోవడం మా రేవులో మర్యాద కాదు. ఆమె కప్పు దగ్గర మాత్రం ఆగలేదు.

ఫుమియే లేచి వెళ్లి, కూజా తెచ్చుకుని, తన కప్పులో తనే పోసుకుంది.