మేం నలుగురం

ఛాయాదేవికి అనుమానం వచ్చింది కూతురి ఫొటోలు చూసి కాదు, కూతురి తెలుగు విని.

శనివారం పొద్దున అమెరికాలో, మోరిస్‌విల్‌లోని తన వంటింట్లో, ఫోన్‌ని పంచదార డబ్బాకి ఆనించి, ఇడ్లీపిండి కలుపుతూ వీడియో కాల్ మాట్లాడుతోంది. అవతల లిస్బన్‌లో స్మృతి. అమెరికాలోనే పుట్టి పెరిగిన పిల్ల. కాలేజీ వాళ్ళు ఒక సెమిస్టర్ చదువుకి మాడ్రిడ్ పంపితే, సెలవులివ్వగానే స్నేహితులతో కలిసి లిస్బన్ చూడ్డానికి వెళ్ళింది.

"మేం నలుగురం పొద్దున ట్రామ్ ఎక్కాం మమ్మీ. కొండ మీదికి వెళ్ళేసరికి ఒకటే వాన. మొత్తం తడిసిపోయాం," అంది స్మృతి.

పిండిలో గరిటె ఆగిపోయింది.

మేం! నలుగురం! ఎక్కాం! ఈ మాటలకి ఛాయాదేవి చెవులు ఏనాడూ నోచుకోలేదు. స్మృతి దగ్గర 'మేము' అనే మాటే ఉండేది కాదు. అన్నిటికీ 'మనం'. బడి నుంచి వచ్చి, "మనం లంచ్‌లో పిజ్జా తిన్నాం" అనేది. "నేనెక్కడ తిన్నానే? 'మేం తిన్నాం' అనాలి," అని తల్లి దిద్దేది. మర్నాడు మళ్ళీ మనమే. ఛాయాదేవిది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం. ఎవరో రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టినందుకు ఆఫీసులో జీతమిస్తారు, ఇంట్లో ఆ పని ఊరికే చేసిపెడుతుంది. అయినా ఆ ఒక్క తప్పు ఆమె చేతికి లొంగలేదు. పైగా హైస్కూల్‌కొచ్చాక పిల్ల తెలుగే మానేసి, ఏమడిగినా ఇంగ్లీషులో పొడిపొడిగా జవాబివ్వడం మొదలుపెట్టింది.

"నలుగురంటే ఎవరెవరే?" అంది ఛాయాదేవి, ఏమీ ఎరగనట్టు.

"ఎమిలీ, హానా, నేను... ఇంకో ఫ్రెండ్."

"ఆ ఇంకో ఫ్రెండ్‌కి పేరు లేదా?"

"ట్రామ్ వచ్చింది మమ్మీ, బై!"

ఎమిలీ, హానా అమెరికా పిల్లలు. వాళ్ళకి తెలుగంటే ఏమిటో కూడా తెలియదు. మరి స్మృతికి 'మేము' నేర్పిందెవరు? ఒక ఆడపిల్ల పక్కన కూర్చుని అంత ఓపికగా తెలుగు నేర్పేవాడు ఎవడై ఉంటాడో ఊహించడానికి ఛాయాదేవికి క్షణం పట్టలేదు. మగపిల్లలకి అంత ఓపిక ఒకే ఒక్క సందర్భంలో వస్తుందని ఆమె గట్టి నమ్మకం.

ఆమె భర్త చక్రపాణి గరాజ్‌లో కారు తుడుచుకుంటున్నాడు. గరిటెతోనే అక్కడికి వెళ్ళింది.

"స్మృతి 'మేం' అందండీ!"

"అంటే?"

"అంటే మీరూ నేనూ కాకుండా ఇంకెవరో ఉన్నారని!"

"తెలుగు రాకపోతే ఒక గొడవ, వస్తే ఇంకో గొడవ. పిల్లని ఊరు చూడనీవే," అన్నాడాయన, అద్దం తుడవడం ఆపకుండా.

మధ్యాహ్నానికి ఫొటోలొచ్చాయి. నీలం పలకలు అతికించిన గోడలు, పసుపుపచ్చ ట్రాము, సముద్రమంత వెడల్పున నది. ఛాయాదేవికి అవేవీ కనిపించలేదు. ఒక ఫొటోలో ముగ్గురమ్మాయిలూ మెట్ల మీద కూర్చుని, ఫొటో తీస్తున్న మనిషిని చూసి విరగబడి నవ్వుతున్నారు. ఆ నాలుగో మనిషి ఎవరు? స్మృతి నల్లకళ్ళద్దాల్లో ఏమైనా కనబడుతుందేమోనని రెండు వేళ్ళతో లాగి లాగి పెద్దది చేసింది. ఆకాశం తప్ప ఏమీ దొరకలేదు.

ఆదివారం ఛాయాదేవే మళ్ళీ కాల్ చేసింది. స్మృతి ఒక బేకరీ ముందు నిలబడి ఉంది.

"ఇక్కడ కస్టర్డ్ టార్ట్‌లు మస్తుంటయ్ మమ్మీ. పైన దాల్చినచెక్క పొడి చల్లుకుంటే ఇంకా మంచిగుంటది."

ఛాయాదేవి చెవులు నిక్కబొడుచుకున్నాయి. తనది తెనాలి, భర్తది భీమవరం. ఆ 'మస్తు', ఆ 'మంచిగుంటది' తమ ఇంట్లోవి కావు. అయితే కుర్రాడిది తెలంగాణ అన్నమాట. కూపీ దొరికినందుకు గర్వపడబోయింది గానీ, పడలేకపోయింది. ఎవడో ఉన్నాడని కాదు ఆమె బాధ. ఇరవై ఏళ్ళ పిల్ల, ఉంటే ఉంటాడు. ఆ సంగతి తనకి చెప్పకుండా దాచిందే, అదీ బాధ. అమ్మకి చెప్పుకోవాలని దానికి అనిపించలేదా?

ఇక ఆగలేకపోయింది.

"ఎవరే ఆ అబ్బాయి?"

"వాట్? ఏ అబ్బాయి?"

"నీకు తెలుగు నేర్పుతున్నవాడు! ఏ ఊరు వాడిది? వరంగలా, కరీంనగరా?"

స్మృతి నోరు తెరిచి చూసింది. తర్వాత ఒకసారి బేకరీ లోపలికి చూసి, నాలుగడుగులు ఇవతలికొచ్చి గొంతు తగ్గించింది.

"అబ్బాయి కాదు మమ్మీ. అనుష్క. మాడ్రిడ్‌లో నా రూమ్‌మేట్. వరంగల్ నుంచి మాస్టర్స్‌కి వచ్చింది."

"అమ్మాయా!" ఛాయాదేవికి గుండెల మీంచి బండ దింపినట్టయింది. "ఆ మాట చెప్పడానికి ఏమొచ్చిందే నీకు? నిన్నట్నుంచి ప్రాణం తోడేశావు. ఏదీ, ఫోన్ ఇవ్వు, మాట్లాడతాను."

"వద్దు."

"ఎందుకు వద్దు?"

స్మృతి చూపు నేలకి దించేసింది.

"నువ్వు తనకి 'అంకుల్ వచ్చింది' చెప్తావ్."

ఏ కథో ఛాయాదేవికి వెంటనే తెలిసింది. స్మృతి నాలుగో తరగతిలో ఉన్నప్పుడు వాళ్ళింటికి చక్రపాణి స్నేహితుడు పద్మనాభంగారొస్తే, "మమ్మీ, అంకుల్ వచ్చింది! సోఫాలో కూర్చుంది! తనకి కాఫీ కావాలంట!" అని ఇల్లెగిరిపోయేలా అరిచింది. ఛాయాదేవి దాన్ని పిల్ల యాసతో సహా పట్టేసింది. ఏ పుట్టినరోజుకి వెళ్ళినా, తలా ఒక వంటా తెచ్చుకునే ఏ పాట్‌లక్‌కి వెళ్ళినా ఆ కథ ఉండాల్సిందే. "ఛాయా, ఆ అంకుల్ వచ్చింది చెప్పవూ," అని అడిగి మరీ చెప్పించుకునేవారు. అందరూ పొట్ట పట్టుకుని నవ్వుతుంటే స్మృతి కూడా పేపర్ ప్లేటు పట్టుకుని నవ్వుతూ నిలబడేది. పిల్లకీ సరదాగానే ఉందనుకుంది ఛాయాదేవి.

"తను నవ్వదు మమ్మీ," అంది స్మృతి. "రాంగ్ మాట్లాడినా నవ్వదు. జస్ట్ వింటది. తనతో నేను ఏదైనా చెప్పగలను. ప్లీజ్, తనకి చెప్పకు."

అంతలో వెనకనుంచి టార్ట్‌ల డబ్బా పట్టుకుని ఒకమ్మాయి ఫోన్‌లోకి తొంగిచూసింది.

"ఎవరే, అమ్మనా? నమస్తే ఆంటీ! ఈడ తెలుగు మాట్లాడెటోళ్ళు లేక నాకు పిచ్చి లేస్తుండె. మీ బిడ్డ దొరికి బతికిపోయిన."

"సంతోషం తల్లీ," అంది ఛాయాదేవి.

"మొదట్ల మాట్లాడనీకె మస్తు భయపడేది ఆంటీ, ఎందుకో తెల్వదు. చిన్నప్పుడు ఎట్ల మాట్లాడేది?"

స్మృతి కళ్ళు మూసుకుంది.

కథ నాలుక చివరిదాకా వచ్చింది. చెబితే ఈ పిల్లా పడీపడీ నవ్వుతుంది, ఇన్నేళ్ళలో ఆ కథ ఎక్కడా గురి తప్పలేదు. ఛాయాదేవి దాన్ని మింగేసింది.

"చక్కగా మాట్లాడేదమ్మా," అంది. "గలగలా మాట్లాడేది. వింటుంటే ముచ్చటేసేది."

"నేను గట్లనే అనుకున్న ఆంటీ!" అంటూ అనుష్క డబ్బా మూత తీసి, మిగతా ఇద్దరినీ కేకేసింది.

స్మృతి కళ్ళు తెరిచింది. తల్లి ముఖంలోకి అనుమానంగా చూసింది. ఛాయాదేవి ఇంకేమీ అనలేదు. అయినా పిల్ల చూపు తిప్పుకోలేదు, ఆ 'అంకుల్ వచ్చింది' కథ ఎప్పుడు మొదలవుతుందా అని చూస్తూనే ఉంది.